కుర్చీ బొమ్మలో చూడ్డానికేముంది? అపోహలు, వాస్తవాలు

రాజమండ్రిలో ఏ చిత్రప్రదర్శన పెట్టినా రాధాకృష్ణుల ముందు జనం గుమిగూడతారు. పక్కనున్న చెక్క కుర్చీ బొమ్మ దగ్గర ఆగేది తక్కువ. ఆగినా ఒకటే మాట: "అచ్చం ఫోటోలా ఉందండీ!"

అపోహ: ఫోటోకి ఎంత దగ్గరైతే అంత గొప్ప బొమ్మ.

అన్నిటికంటే చేటు చేసేది ఇదే. దీన్ని నమ్మిన పిల్లలు ఫోన్లో ఫోటో తీసి, గళ్ళు గీసి దింపేస్తారు. కుర్చీ వంక చూడనే చూడరు. ఫోన్ దగ్గరగా పెట్టి తీస్తే ముందు కాళ్ళు సాగుతాయి, వెనకవి కుంచించుకుపోతాయి, నీడ నల్లగా ముద్దకడుతుంది. ఆ తప్పులన్నీ బొమ్మలోకి దిగుతాయి.

వాస్తవం: కుర్చీని చూసి వేశారా అన్నదే లెక్క. మొదట బొమ్మలో కుర్చీ కాళ్ళ అడుగులు చూడండి. నాలుగింటినీ ఊహలో గీతలతో కలిపితే నేలమీద చాప పరిచినట్టుండాలి. నిలబడి చూసి వేసిన బొమ్మలో వెనక కాళ్ళు కాస్త పైన ఆనాలి. నాలుగూ ఒకే గీతమీద ఉంటే ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేరు. "కాళ్ళన్నీ సమానమేగా" అన్న తెలివి చేయించే పొరపాటు అది. తర్వాత కాళ్ళ సందుల్లో కనిపించే గోడ ముక్కలు చూడండి. వాటి ఆకారం కుదిరితే కాళ్ళు వాటంతటవే కుదురుతాయి.

ఇక నీడ. మండువా లోగిలిలో ఎర్ర గచ్చుమీద పడ్డ నీడ నలుపు కాదు, ముదురు ఎరుపు. ఆకాశం కనిపించే వైపు కాస్త నీలి ఛాయ. కాలు ఆనిన చోట అంచు గట్టిగా ఉండి, దూరం జరిగేకొద్దీ మెత్తబడుతుంది. ట్యూబులోంచి నలుపు పిండితే టేకు కాస్తా బొగ్గవుతుంది. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగులో కొంచెం అల్ట్రామెరైన్ నీలం చాలు. సీటు అడుగున గచ్చు ఎరుపు లేతగా తగిలిందా? అయితే వేసినాయన కుర్చీని నిజంగా చూశాడు.

అపోహ: కుర్చీ చిల్లర వస్తువు, బొమ్మకి పనికిరాదు. మరి డచ్ చిత్రకారుడు వాన్ గో 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో వేసిన పసుపు కుర్చీ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. గడ్డి సీటుమీద పైపు, పొగాకు, అంతే. నేల పలకలు మనమీదికి వాలినట్టుంటాయి, ఫోటోలా అసలుండదు.

అపోహ: చెక్క చారలు ఎన్ని గీస్తే అంత పనితనం. కాదు. వెలుగు నీడగా మారే చోట నాలుగు చాలు.

"మాకు కళ తెలీదండీ" అని బెదిరిపోయేవాళ్ళకి ఒక మాట. కుర్చీ కొనేటప్పుడు ఊపి చూస్తారు కదా, అతుకు వదులైందా అని? బొమ్మనీ ఆ కళ్ళతోనే చూడండి. ముందు నాలుగడుగులు వెనక్కి జరిగి, ఆ తర్వాత దగ్గరికెళ్ళి.