ఓవెన్ బర్నర్ల గురించి బేకరీల్లో వినిపించే మాటలు: అపోహలు - వాస్తవాలు

తెల్లవారుజామున 4 గంటలకి నా ఫోను మోగిందంటే అది ఏదో ఒక బేకరీ నుంచే. ఆ టైముకి ఓవెన్ వెలగకపోతే పొద్దెక్కేసరికి బ్రెడ్డు, బన్ను బండెక్కవు, ఇరానీ హోటళ్లకి ఉస్మానియా బిస్కెట్లు చేరవు. అందుకే అవతలి గొంతులో అంత కంగారు. ఆ కంగారులో వాళ్లు చెప్పే మాటలు పదిహేడేళ్లుగా వింటున్నాను. హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న షెడ్డు నాది. బేకరీ ఓవెన్లకి గ్యాస్ బర్నర్లు తయారు చేస్తాం, పాతవాటిని విప్పి మళ్లీ కడతాం. కాటేదాన్ ఫ్యాక్టరీల్లోని పొడవాటి టన్నెల్ ఓవెన్లు మొదలుకొని గల్లీ బేకరీల్లో అరల మీద కాల్చే డెక్ ఓవెన్ల దాకా అన్నిటి మీదా పనిచేశాను. ఎక్కడికి వెళ్లినా అవే నమ్మకాలు. వాటి వల్ల ఒళ్లు కాలిన మనుషుల్ని కళ్లారా చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: "వెలగకపోతే రీసెట్ కొడుతూ ఉండాలి. ఎప్పుడో ఒకప్పుడు అంటుకుంటుంది."

మూడేళ్ల కిందట శివార్లలో ఒక బేకరీకి వెళ్లాను. రోటరీ ర్యాక్ ఓవెన్, ట్రాలీ లోపల తిరిగే రకం. బర్నర్ ముందుండే ఉక్కు పలక ఊడి ఎదుటి గోడకి కొట్టుకుని పడి ఉంది. ఓవెన్ చూసుకునే కుర్రాడికి కనుబొమలు లేవు, కుడి మోచేతి కింద చర్మం లేచిపోయింది. "ఎన్నిసార్లు కొట్టినవ్ తమ్ముడూ?" అని అడిగాను. "ఏడెనిమిది సార్లు కొట్టిన అన్నా. ఎర్ర లైటు వస్తున్నది, మల్ల కొడ్తున్న. ఎప్పుడూ గట్లనే వెలుగుతది" అన్నాడు.

విప్పి చూస్తే నిప్పురవ్వ ఇచ్చే ఎలక్ట్రోడ్ పింగాణీ నిలువునా చిట్లి ఉంది. రవ్వ కొసన పడకుండా ఆ చీలిక దగ్గరే ఎర్త్ అయిపోతోంది. అంటే రీసెట్ కొట్టిన ప్రతిసారీ కొన్ని సెకన్లు గ్యాసు వచ్చింది, రవ్వ రాలేదు. దాన్ని మించిన తప్పు ఇంకోటి ఉంది. వెలిగించే ముందు బ్లోయర్ లోపలి గాలినంతా తోసేసే టైము ఒకటి ఉంటుంది, దాన్ని పర్జ్ అంటాం. "అర నిమిషం ఊరికే వేస్ట్ అవుతోంది" అని ఎవరో ఫిట్టర్ జంపర్ వైరు వేసి దాన్ని తీసేశాడు.

ఇక్కడ లెక్క చెప్పాలి, ఇది అర్థమైతే మిగతావన్నీ అర్థమవుతాయి. 60 కిలోవాట్ల బర్నర్ గంటకి దాదాపు నాలుగున్నర కిలోల ఎల్‌పీజీ తాగుతుంది. నిమిషానికి 75 గ్రాములు, ఆవిరి రూపంలో 36 లీటర్లు. గాలిలో ఎల్‌పీజీ సుమారు 2 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. 9 శాతం దాటితే గాలి చాలక అంటుకోదు. ఈ రెండింటి నడుమ ఎంత ఉన్నా పేలుతుంది. 2 ఘనమీటర్ల డెక్ ఓవెన్‌లో మంట లేకుండా గ్యాసు ఒక్క నిమిషం వస్తే ఆ 2 శాతం దగ్గరికి చేరిపోతాం. ర్యాక్ ఓవెన్‌లో ఆ నిమిషం కూడా దొరకదు. అందులో బర్నర్ మండేది ట్రాలీ ఉండే గదిలో కాదు, వెనకున్న చిన్న మంట గదిలో. అది 200 లీటర్లే అనుకుంటే 7 సెకన్లు చాలు.

ఓవెన్లు, ఫర్నేసుల కోసం అమెరికావాళ్లు రాసుకున్న ఎన్‌ఎఫ్‌పీఏ 86 అనే ప్రమాణం ఈ లెక్క మీదే నిలబడింది. వెలిగించే ముందు లోపలి ఘనపరిమాణానికి కనీసం 4 రెట్ల తాజా గాలి పంపాలి. వెలిగించే ప్రయత్నం 15 సెకన్లు మించకూడదు. నడుస్తున్న మంట ఆరితే 4 సెకన్లలోపు గ్యాసు ఆగిపోవాలి. నాలుగు రెట్లే ఎందుకంటే, లోపలి గాలి బాగా కలిసిపోతుందనుకుంటే నాలుగుసార్లు మార్చాక పాత వాయువు సుమారు 2 శాతమే మిగులుతుంది. ఒక్కసారితో ఆపేస్తే మూడో వంతు పైగా లోపలే ఉండిపోతుంది.

నా కస్టమర్లకి నేను పెట్టిన నియమం: రీసెట్ ఒక్కసారే. రెండోసారి ఎర్ర లైటు వస్తే మెయిన్ వాల్వు మూసేసి నాకు ఫోను చేయాలి. ఏ వేళైనా సరే.

అపోహ: "సెన్సర్ ఊరికే సతాయిస్తుంది. బైపాస్ చేస్తే హాయి."

ఎక్కువగా కనిపించేది డెక్ ఓవెన్ల మీద. నాబ్ వదిలితే మంట ఆరిపోతోందని, నాబ్‌కీ ప్యానెల్‌కీ మధ్య చిన్న చెక్కముక్క దూర్చి పెడతారు. ఆ నాబ్ వెనకున్న వాల్వుకి కలిపి ఉండేది థర్మోకపుల్, కొస మంటలో ఉండే చిన్న సెన్సర్. మంటలో వేడెక్కి, పుట్టిన కొద్ది మిల్లీవోల్టులతో వాల్వుని పట్టి ఉంచుతుంది. చెక్కముక్క పెట్టాక మంట ఉన్నా లేకున్నా గ్యాసు వస్తూనే ఉంటుంది. నేను చూసినవాటిలో సగానికి పైగా చోట్ల అసలు కారణం కొస మీద పేరుకున్న మసి, లేదా వాల్వు దగ్గర వదులైన నట్టు. ఎమెరీ పేపరుతో రుద్ది నట్టు బిగిస్తే పది నిమిషాల పని.

థర్మోకపుల్‌కి ఒక పరిమితి ఉంది. మంట ఆరినా అది చల్లారే దాకా వాల్వు పడదు. 20, 30 సెకన్లు పట్టొచ్చు, ఒక్కోసారి నిమిషం. పైన చెప్పిన 7 సెకన్ల మంట గదికి అది పనికిరాదు. కొందరు తయారీదారులు ఖర్చు తగ్గించుకోడానికి ర్యాక్ ఓవెన్లకీ అదే పెట్టేస్తున్నారు. కొనేవాళ్లు ఈ ఒక్క ప్రశ్నన్నా అడగాలి: మంట ఆరితే ఎన్ని సెకన్లలో గ్యాసు ఆగుతుంది?

నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఫ్లేమ్ రాడ్, అంటే మంటలో ఉంచే లోహపు కడ్డీ. మంటలో అయాన్లుంటాయి కాబట్టి అందులోంచి కరెంటు పారుతుంది. రాడ్డు సన్నం, ఎర్త్ చేసిన బర్నర్ తల వెడల్పు. ఆ తేడా వల్ల ఏసీ పంపితే ఒకవైపే ఎక్కువగా పారి, కొన్ని మైక్రో ఆంపియర్ల డీసీ తయారవుతుంది. కంట్రోలర్ వెతికేది ఆ డీసీనే. పింగాణీ తడిసినా, వైరు ఎక్కడో షార్ట్ అయినా కరెంటు రెండువైపులా ఒకేలా పారుతుంది, దాన్ని కంట్రోలర్ మంటగా ఒప్పుకోదు. వైరు ముక్కతో దీన్ని మోసం చేయలేరు. నిత్యం ఆవిరి, తేమ ఉండే బేకరీలో ఇది చాలా పెద్ద గుణం.

మంటలోని అతినీలలోహిత కాంతిని పట్టే యూవీ సెన్సర్ వేగమైనదే, కానీ ట్యూబు పాతబడితే మంట లేకున్నా ఉన్నట్టు చెప్పే ప్రమాదం ఉంది. రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే టన్నెల్ ఓవెన్ మీద పెడితే, తనని తాను పరీక్షించుకునే షట్టర్ ఉన్న రకమే పెట్టాలి. మామూలు రకం వెలిగించే ముందు మాత్రమే పరీక్షకి నిలబడుతుంది. ఆగని ఓవెన్‌లో ఆ పరీక్ష రోజే రాదు.

అపోహ: "బర్నర్ రంధ్రాలు పెద్దవి చేస్తే వేడి పెరుగుతుంది."

బ్రెడ్డు అడుగు కాలట్లేదని డ్రిల్లు తీసుకుని పైపు బర్నర్ రంధ్రాలన్నీ 2 మిల్లీమీటర్ల నుంచి 3కి పెంచేసిన మేస్త్రీలు ఎందరో. మంచి పనివాళ్లే, ఓవెన్ తమ బిడ్డలా చూసుకుంటారు. కానీ గ్యాసు ఎంత రావాలో నిర్ణయించేది మొదట్లో ఉండే జెట్టు, అంటే గ్యాసు చిమ్మే సన్న రంధ్రమున్న ముక్క. రంధ్రం పెంచినంత మాత్రాన వేడి పెరగదు. జరిగేది ఇంకోటి.

2 నుంచి 3 అంటే వైశాల్యం రెండుంబావు రెట్లవుతుంది. వచ్చే గ్యాసూ గాలీ అంతే కాబట్టి రంధ్రంలోంచి బయటికొచ్చే వేగం సగానికన్నా తగ్గిపోతుంది. ఎల్‌పీజీ-గాలి మిశ్రమంలో మంట సెకనుకి దాదాపు 40 సెంటీమీటర్ల వేగంతో ముందుకు పాకుతుంది. బయటికొచ్చే వేగం దానికన్నా తగ్గితే, ముఖ్యంగా మంట తగ్గించి పెట్టినప్పుడు, 'టప్' మని చప్పుడు చేసి మంట వెనక్కి, పైపు లోపలికి వెళ్లిపోతుంది. అక్కడ జెట్టు మూతి దగ్గర మండుతూ ఉంటుంది. బయటికి చూస్తే ఆరిపోయినట్టే. ఓ బేకరీలో మిక్సింగ్ ట్యూబు ఎర్రగా కాలి, దానికి జానెడు దూరంలో రబ్బరు గొట్టం మెత్తబడి జారుతుండగా చూశాను.

సన్నని సందులోంచి మంట దూరలేదు, చుట్టూ ఉన్న లోహం దాని వేడిని లాగేస్తుంది. ఎల్‌పీజీకి ఆ హద్దు సుమారు 2 మిల్లీమీటర్లు. రిబ్బన్ బర్నర్ చేసేటప్పుడు మేం స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలని ముడతలు పెట్టి, పక్కపక్కన పేర్చి, పైపు మీద కోసిన గాడిలో బిగిస్తాం. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే చీరంచు జరీలా వందల చిన్న చిన్న సందులు కనిపిస్తాయి. ఒక్క పట్టీ వదులుగా బిగించినా అక్కడ సందు పెరిగి మంట లోపలికి దూరే దారి ఏర్పడుతుంది. అందుకే ప్రతి బర్నర్‌నీ సందులు కొలిచే సన్నటి ఫీలర్ గేజ్‌తో ఈ కొస నుంచి ఆ కొస దాకా చూస్తాం. విసుగు పుట్టించే పనే, అయినా నేను దీన్ని ఎవరికీ అప్పగించను.

వేడి నిజంగా చాలకపోతే అడగాల్సింది జెట్టు, ప్రెషరు, చిమ్నీ డంపర్ (పొగ గొట్టంలో తెరిచి మూసే రేకు) గురించి.

అపోహ: "పీఎన్‌జీ లైను ఆగితే రెండు సిలిండర్లు తగిలిస్తే సరి."

భాగ్యనగర్ గ్యాస్ పైపు వచ్చాక చాలా బేకరీలు పీఎన్‌జీకి, అంటే పైపులో వచ్చే సహజ వాయువుకి మారాయి, మంచిదే. పీఎన్‌జీ గాలికన్నా తేలిక, పైకి పోతుంది. కానీ ఈ రెండు గ్యాసులూ ఒకటి కాదు. ఒక ఘనమీటరు పీఎన్‌జీ మండటానికి దాదాపు 10 ఘనమీటర్ల గాలి కావాలి, అదే ఎల్‌పీజీకైతే 24 నుంచి 31. ఇళ్ల పొయ్యిల లెక్క చూసుకున్నా ఎల్‌పీజీ 30 మిల్లీబార్ల దగ్గర, పీఎన్‌జీ 21 దగ్గర నడుస్తాయి. అంత తక్కువ ప్రెషరులో అంతే వేడి రావాలని పీఎన్‌జీకి జెట్టు రంధ్రం పెద్దదిగా పెడతాం. మీటరు దగ్గర ఏదో పని పడి లైను ఆపేసిన రోజు ఆ పెద్ద జెట్టుకే సిలిండర్ తగిలిస్తే దాదాపు రెండింతల వేడి లోపలికి పోతుంది, గాలి మాత్రం పెరగదు. పసుపుపచ్చటి పొడుగు మంట, మసి, దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్. సిలిండర్లు అండగా ఉండాలనుకుంటే జెట్లు, రెగ్యులేటర్ రెండో సెట్టు ముందే చేయించి పెట్టుకోండి.

అపోహ: "లీకైతే వాసన వస్తుంది కదా, డిటెక్టర్ ఎందుకు?"

వాసన కోసం కలిపేది మెర్కాప్టన్. కానీ ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. యాలకులు, నెయ్యి, మాడిన చక్కెర వాసనల మధ్య 8 గంటలు నిలబడ్డ మనిషి సన్నగా కారే గ్యాసుని పసిగట్టలేడు.

హైదరాబాద్‌లో నన్ను బాగా భయపెట్టేది సెల్లార్ బేకరీలు. పైన షాపు, కింద సెల్లార్‌లో ఓవెన్. ఎల్‌పీజీ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. నీళ్లలా నేల మీద పాకి, మెట్లెక్కి బయటికి పోలేక అక్కడే నిలుస్తుంది. అలాంటి సెల్లార్‌లో ఒకచోట డిటెక్టర్‌ని సీలింగుకి బిగించారు. అడిగితే "పొగ డిటెక్టర్ పక్కన బాగుంటుందని పెట్టాం సార్" అన్నారు. ఎల్‌పీజీకి నేల నుంచి అడుగు లోపు, పీఎన్‌జీకి సీలింగు దగ్గర పెట్టాలి. అసలు ఎల్‌పీజీ ఓవెన్‌ని సెల్లార్‌లో పెట్టే ఆర్డర్లు నేను తీసుకోవడం మానేశాను. ఎంత మంచి బర్నర్ ఇచ్చినా గొంతు దాకా గ్యాసు నిలిచే గోతిని అది మార్చలేదు.

అపోహ: "మంట నీలంగా ఉంటే అంతా సవ్యమే."

పసుపుపచ్చ మంట చెడ్డదన్నది నిజం. బేకరీలో దానికి మొదటి కారణం మైదా. గాలిలో తేలే పిండి బర్నర్ గాలి కిటికీల్లో చేరి గట్టిపడుతుంది. వారానికోసారి బ్రష్షుతో దులపాలి. కానీ నీలం మంట కూడా చల్లటి రేకుకో, దగ్గరగా జరిగిన ట్రేకో తగిలితే మధ్యలోనే చల్లారి కార్బన్ మోనాక్సైడ్ ఇస్తుంది. దానికి రంగు, వాసన లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్‌కన్నా 200 రెట్లు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మధ్యాహ్నానికల్లా పనివాళ్లందరికీ ఒకేసారి తలనొప్పి అంటే ఎండ దెబ్బ అనుకోకండి. చిమ్నీ చూడండి, పొగలోని వాయువుల్ని కొలిచే ఫ్లూ గ్యాస్ అనలైజర్‌తో కొలిపించండి.

అపోహ: "సిలిండర్ మీద మంచు పడితే వేడినీళ్లు పోయాలి."

మీ బర్నర్ తాగే వేగానికి ఆ సిలిండర్ ఆవిరి ఇవ్వలేకపోతోందని దాని అర్థం. సిలిండర్‌ని వేడి చేయకూడదు, సిలిండర్లన్నీ కలిసే పైపుకి, అంటే మ్యానిఫోల్డ్‌కి, ఇంకో సిలిండర్ కలపాలి. 19 కిలోల సిలిండర్లు ఐదయితే 95 కిలోలు. 100 కిలోలు దాటితే లైసెన్సు కావాలని గుర్తుంచుకోండి.

అపోహ: "ఓవెన్ ఎంత గట్టిగా కడితే అంత భద్రం."

మూసిన పెట్టెలో ఎల్‌పీజీ, గాలి సరిపాళ్లలో కలిసి పేలితే ప్రెషరు 8 బార్ల దాకా వెళ్తుంది. రేకులతో చేసిన ఓవెన్ అందులో చిన్న వంతు కూడా ఆపలేదు. గట్టి బోల్టులు బిగిస్తే తలుపో ముందు పలకో మనిషి మీదికి ఎగిరొస్తుంది. అందుకే పైకప్పులో తేలిగ్గా లేచే ప్యానెల్ పెడతాం. ఓవెన్ లోపలి ప్రతి 15 ఘనపుటడుగులకి 1 చదరపు అడుగు ప్యానెల్ అన్నది లెక్క. లోపల ప్రెషరు పెరగగానే అది లేచి, పేలుడంతా మనిషి లేని పైవైపుకి పోతుంది.

పోయిన నెల నాచారంలో ఒక ఓవెన్ సర్వీసుకి వెళ్లాను. నిచ్చెన వేసుకుని పైకి చూస్తే నేను బిగించిన ప్యానెల్ కనపడలేదు. దాని మీద 50 కిలోల మైదా బస్తాలు ఆరు పేర్చి ఉన్నాయి, వెచ్చగా ఉంటే పిండికి చెమ్మ పట్టదని. ఓనరుని పైకి పిలిచి, బస్తా పక్కకి జరిపి, ఆ రేకుని వేలితో ఎత్తి చూపించాను. అంత తేలిగ్గా లేస్తుందని ఆయనకి తెలియదు. ఆరు బస్తాలూ కిందికి దింపాక, ప్యానెల్ చుట్టూ ఇనుప కమ్మీలతో బస్తా పట్టని గూడు ఒకటి వెల్డింగ్ చేయించాక, సాయంత్రం 6 గంటలకి బర్నర్ వెలిగించాను.