జేజినాయన అయిదో పాతర

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఫోన్లో మీరు అడిగిన దానికి దగ్గు వచ్చినట్టు నటించి తప్పించుకున్నాను. "తాతా, మందుపాతరలు వద్దని 160 దాకా దేశాలు ఒప్పుకున్నాయట, మన ఇండియా ఎందుకు సంతకం పెట్టలేదు?" అన్నారు. ఇదిగో, ఇప్పుడు చెబుతున్నా.

ముందు ఆ మాట చూడండి. మందు అంటే తుపాకిమందు. పాతర మీరు చూసి ఉండరు. నా చిన్నప్పుడు మా కర్నూలు పల్లెలో జొన్నలు దాచేది నేలలోనే. నిలువు లోతు గొయ్యి తవ్వి, చుట్టూ చొప్ప పేర్చి, గింజలు పోసి, పైన మట్టి కప్పి అలికేసేవాళ్లు. దానిమీదే మేం గోళీలాడేవాళ్లం. తెరిచిన రోజు వెంటనే ఎవరినీ దిగనిచ్చేవాళ్లు కాదు, లోపలి గాలికి ప్రాణం పోతుందని. తాడుకు లాంతరు కట్టి దింపేవాళ్లు. ఆరిపోయిందా, ఇంకాసేపు ఆగాల్సిందే. ఆ దీపం వంక చూస్తూ ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం.

మా జేజినాయనవి, అంటే మా తాతవి, అయిదు పాతర్లు. ఏది ఎక్కడుందో అంతా ఆయన బుర్రలోనే. ఆయన పోయాక నాలుగే దొరికాయి. అయిదోది రెండేళ్ల తర్వాత మా ఎద్దు కనిపెట్టింది, ముందుకాలు దిగబడి. లోపల జొన్నలు నల్లగా ముద్ద కట్టాయి. వీధంతా కంపు.

మందుపాతరా అలాంటిదే. పెట్టినవాడు పోతాడు, యుద్ధం అయిపోతుంది, అది మాత్రం ఒక కాలు కోసం కాచుకుని ఉంటుంది. సిపాయి కాలా, మేకలు తోలుకెళ్లే పిల్లవాడి కాలా, దానికి తెలీదు. జొన్నలైతే కుళ్లిపోతాయి, ఇది ముప్పై ఏళ్లయినా చెడదు. (2003లో అలిపిరిలో చంద్రబాబు కారు మీద నక్సలైట్లు పేల్చినవి వేరు. వాటిని దూరాన కూర్చున్న మనిషి పేలుస్తాడు. ఆ ఒప్పందం మాట్లాడేది, మనిషి అడుగుపడితే వాటంతటవే పేలే వాటి గురించి.)

1997 డిసెంబరులో కెనడాలోని ఒట్టావాలో ఆ సంతకాలు జరిగాయి. ఆ ఒప్పందం ప్రకారం మందుపాతరలను వాడకూడదు, చేయకూడదు, దాచకూడదు, అమ్మకూడదు. మనమేమో ఆ సమావేశాలకు వెళ్లి కూర్చుంటాం, సంతకం మాత్రం పెట్టం. ఆ పాతరలు లేని ప్రపంచం మాకూ కావాలి, కానీ మా సరిహద్దు చాలా పొడుగు, వాటి పని చేసే మరో సాధనం దొరికేదాకా వదలలేం అంటుంది మన ప్రభుత్వం. పాకిస్తాన్, చైనా కూడా పెట్టలేదు. శ్రీలంక 2017లో చేరింది. 2025లో ఫిన్లాండ్, పోలాండ్ లాంటివి రష్యా భయంతో బయటికి వచ్చేస్తామన్నాయి.

అయితే ఇంకో చిన్న ఒప్పందంలో మనం ఉన్నాం. పాతితే కంచె వేయాలి, బోర్డు పెట్టాలి, ఎక్కడ పాతారో రాసుకోవాలి, వెతికే యంత్రానికి దొరికేలా కనీసం 8 గ్రాముల ఇనుమంత సంకేతం ఇవ్వాలి. మా జేజినాయన చేయని పని అది.

అంత మాత్రాన సరిపోతుందా? 2001లో పార్లమెంటు మీద దాడి తర్వాత పంజాబ్, రాజస్థాన్ సరిహద్దుల్లో మన సైన్యం మందుపాతరలు పాతింది. చాలాచోట్ల అవి రైతుల పొలాలే. సైనికులే మళ్లీ తవ్వి తీయాల్సి వచ్చింది, ఆ పనిలో వాళ్లూ గాయపడ్డారు. సరిహద్దు కాసేవాడి టెన్షన్ నాకు తెలీదు కాబట్టి గట్టిగా మాట్లాడలేను. కానీ ఆ పొలంలో మొదటిసారి నాగలి పట్టిన రైతు గురించి ఆలోచిస్తే, సంతకం పెట్టి ఉంటే బాగుండేదనే అనిపిస్తుంది.

ఒక వింత చెప్పనా? జొన్నపాతరకు ఎలుక శత్రువు. కంబోడియాలో మగావా అనే పెద్ద ఎలుక వాసన పట్టి, నూరుకు పైగా మందుపాతరలూ పేలని గుండ్లూ చూపించింది. బరువు తక్కువ కాబట్టి పైన నడిచినా అవి పేలవు. 2020లో దానికి బంగారు పతకం కూడా ఇచ్చారు!

వేసవికి వచ్చినప్పుడు మన కళ్లం దగ్గరికి వెళ్లండి. వాన పడ్డాక అక్కడ ఒకచోట నేల గుండ్రంగా కుంగి ఉంటుంది. కర్రతో తట్టితే డొల్లగా మోగుతుంది. దానిమీద నిలబడకండి, నన్ను పిలవండి. నేనూ అక్కడ ఇంతవరకు తవ్వి చూడలేదు.

మీ తాత