బ్యాటరీ డ్రిల్లు: రోజూ వినే అపోహలు, పనిలో తెలిసిన వాస్తవాలు

ఈమధ్య కర్టెన్ రాడ్డు బిగించడానికి వెళ్తే, ఇంటాయన అట్టపెట్టెలోంచి కొత్త బ్యాటరీ డ్రిల్లు తీసి చూపించడం మామూలైపోయింది. "మీరొచ్చేలోపు నేనే పెట్టేద్దామనుకున్నానండీ, రెండో కన్నానికే బిట్టు నల్లబడిపోయింది" అంటారు. గోడ చూడగానే సంగతి తెలిసిపోతుంది. విజయవాడలో పదిహేనేళ్లుగా అల్మారాలు, కిచెన్ క్యాబినెట్లు, కర్టెన్లు బిగించే పని నాది. మిషను మంచిదే కొంటున్నారు. దాంతో పాటు ఎవరో చెప్పిన మాటలు కూడా ఇంటికి తెచ్చుకుంటున్నారు. అక్కడే వస్తోంది చిక్కు.

అపోహ: వైరు లేదు కాబట్టి షాక్ కొట్టదు.

డ్రిల్లు లోపలినుంచి కొట్టదు, ఆ మాట నిజమే. 18 వోల్టుల బ్యాటరీతో ఆ భయం లేదు. కానీ గోడలో 230 వోల్టులున్నాయి. బిట్టు వెళ్లి లైవ్ వైరుకు తగిలితే బిట్టుకీ, దాన్ని పట్టిన చక్‌కీ కరెంటు వస్తుంది. కన్నం వంకర పోకుండా ఎడమచెయ్యి చక్ మీద ఆనించే అలవాటు చాలామందికి ఉంటుంది. ఆ చెయ్యి వెనక్కి రావాలి. ప్లాస్టిక్, రబ్బరు పట్టు ఉన్నంతవరకే మన హద్దు.

మన ఇళ్లలో వైర్లు గోడలోపల పైపుల్లో పోతాయి. ఎక్కువగా స్విచ్ బోర్డు నుంచి నిట్టనిలువుగా పైకో, పక్క బోర్డుకు అడ్డంగానో వెళ్తాయి. అందుకని బోర్డుకీ, ప్లగ్ పాయింటుకీ, గోడ లైటుకీ సూటిగా పైనా కిందా పక్కనా నేను కన్నం పెట్టను. వంటింట్లో, బాత్రూంలో కుళాయిలకీ ఇదే లెక్క. అక్కడ గోడలో ఉండేది ప్లాస్టిక్ పైపు, బిట్టుకు వెన్నలాంటిది. అయితే తర్వాతెప్పుడో ఏసీ కోసమో గీజర్ కోసమో ఏటవాలుగా గాడి కొట్టి వైరు లాగినవాళ్లూ ఉంటారు. ఒక పాత ఫ్లాట్‌లో నాకు తగిలింది అలాంటిదే. టప్పుమంది, ఎంసీబీ (తేడా వస్తే కరెంటును దానంతటదే ఆపే స్విచ్చు) పడిపోయింది. కొస కరిగిన ఆ 6 ఎంఎం బిట్టు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

బ్యాటరీ డ్రిల్లుకున్న అసలు లాభం ఇక్కడే. మెయిన్ ఆపేసి కూడా కన్నం పెట్టుకోవచ్చు. కాకపోతే "ఫ్రిజ్ ఆగిపోతుందండీ" అంటూ ఆపనివ్వరు. పది నిమిషాలకు పాలు విరగవు. ఇంకో సంగతి: ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఒక్కటే ఆపితే ఫ్యాన్లు, లైట్ల వైర్లలో కరెంటు అలాగే ఉంటుంది. ఇన్వర్టర్‌నీ ఆపాలి.

అపోహ: గ్లవ్స్ వేసుకుంటే వేళ్లకు రక్షణ.

తిరిగే బిట్టు దగ్గర గుడ్డ గ్లవ్సే ప్రమాదం. ఒక పోగు చుట్టుకుంటే చాలు, వేలిని కూడా లాక్కుపోతుంది. మెడలో తువ్వాలు, చున్నీ, వదులు చేతుల చొక్కా, విరబోసుకున్న జుట్టు, గుళ్లో ముంజేతికి కట్టించుకున్న దారం, అన్నీ ఈ జాబితాలోవే. దారం తియ్యకూడదనుకుంటే చొక్కా చెయ్యి దానిమీదికి లాగి గుండీ పెట్టుకోండి. పదును రేకు మోయడానికి, వేడి బిట్టు తియ్యడానికి గ్లవ్స్ వేసుకోవచ్చు, మిషను ఆగి ఉన్నప్పుడు మాత్రమే. కళ్లద్దాలు, మాస్కు మాత్రం ఎప్పుడూ ఉండాలి. ముఖ్యంగా తలపైన స్లాబుకు కన్నం పెట్టేటప్పుడు ఆ సిమెంటు దుమ్మంతా నేరుగా కళ్లలోకే రాలుతుంది.

బిట్టు మార్చేటప్పుడు ముందుకు-వెనక్కు తిప్పే మీటను మధ్యలో పెట్టండి, ట్రిగ్గర్ లాకైపోతుంది. బ్యాటరీ ఊడదీస్తే ఇంకా మంచిది.

అపోహ: సుత్తి గుర్తు మీద పెడితే ఏ గోడైనా దిగుతుంది.

నాకు ఎక్కువ పని తెచ్చిపెట్టేది ఈ నమ్మకమే. ఇంట్లో వాడే బ్యాటరీ డ్రిల్లులో సుత్తి అంటే రెండు పళ్ల చక్రాలు ఒకదానిమీద ఒకటి ఎగిరెగిరి పడటమే. ఆ దెబ్బకు వెనకనుంచి బలం ఇవ్వాల్సింది మన చెయ్యి. మేస్త్రీలు, ఏసీ వాళ్లు వాడే రోటరీ హామర్ వేరే జాతి. అందులో పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలి ఒత్తిడితో దానంతటదే కొడుతుంది. ఇటుక గోడకు మన డ్రిల్లు చాలు. పిల్లరు, బీము, స్లాబు వస్తే రోటరీ హామర్ అద్దెకు తెచ్చుకోవడం మేలు. దిగడం లేదని ఒళ్లంతా ఆనించి నెడితే జరిగేదల్లా బిట్టు ఎర్రబడటం. అలా ఎర్రబడ్డ బిట్టును బకెట్లో ముంచేవాళ్లున్నారు. గోడ బిట్టు కొసకు అతికించేది కార్బైడ్ అనే బాగా గట్టి పదార్థపు ముక్క. ఒక్కసారిగా చల్లారితే అది పగులుతుంది, లేదా అతుకు ఊడిపోతుంది. గాలికి ఆరనివ్వాలి.

తేలికపాటి ఏఏసీ బ్లాకులకు (లోపల గాలి బుడగలుండే సిమెంటు ఇటుకలు), లోపల డొల్లగా ఉండే ఇటుకలకు సుత్తి అసలు వద్దు. కన్నం గుంటైపోయి, స్క్రూ పట్టుకోసం అందులో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గు నిలవదు. టైలుకైతే, పెంకు దాటేదాకా సుత్తి ఆపి టైలు బిట్టుతో నెమ్మదిగా పోవాలి. గోడ తగిలాకే బిట్టు మార్చి సుత్తి పెట్టాలి. గుర్తు పెట్టినచోట కాగితం టేపు అతికిస్తే బిట్టు జారదు.

అపోహ: చక్ వెనక ఉన్న అంకెలు స్పీడు.

స్పీడు పైనున్న 1, 2 మీట. రింగు మీది అంకెలు క్లచ్‌వి. స్క్రూ ఎంత గట్టిపడ్డాక మిషను టకటకమంటూ తిప్పడం మానేయాలో చెప్పేవి. స్క్రూలకు చిన్న అంకెతో మొదలుపెట్టి, చాలకపోతే ఒక్కొక్కటే పెంచండి. తలుపు కబ్జా స్క్రూలను డ్రిల్లు గుర్తు (బిట్టు బొమ్మ) మీద పెట్టి బిగిస్తే పార్టికల్ బోర్డు పొడిపొడిగా రాలిపోతుంది. సగం కిచెన్ తలుపులు వేలాడేది అందుకే.

డ్రిల్లు గుర్తు మీద ఉన్నప్పుడు క్లచ్ కాపాడదు. ఇనప గ్రిల్లుకో రేకుకో కన్నం పూర్తయ్యే చివరి క్షణంలో బిట్టు పట్టేస్తుంది. బిట్టు ఆగిపోతే మిషను తిరుగుతుంది, దాంతో మణికట్టూ తిరుగుతుంది. నిచ్చెన మీద ఒంటిచేత్తో ఉంటే సంగతి చెప్పనక్కర్లేదు. చిన్న ముక్కను చేత్తో పట్టుకోకండి, క్లాంపు వెయ్యండి. ఇనుముకు వేగం ఎక్కువైతే తొందరగా తెగుతుందనేది కూడా ఉత్తమాటే. 3 ఎంఎం బిట్టు నిమిషానికి రెండున్నర వేల చుట్లు తట్టుకుంటుంది, 10 ఎంఎం బిట్టుకు 800 చాలు. మీట 1 మీద పెట్టి, రెండు చుక్కలు నూనె వేసి, చుట్టలుగా తరుగు వస్తోందో లేదో చూసుకోండి.

అపోహ: 20 వోల్టులది 18 దానికన్నా బలం.

రెండిట్లోనూ ఉండేవి వరసగా ఐదు లిథియం సెల్లులే. మామూలుగా ఒక్కోటి 3.6 చొప్పున లెక్కేస్తే 18, నిండా ఎక్కినప్పుడు లెక్కేస్తే దాదాపు 20. పెట్టె మీద ఏ లెక్క వేశారన్నదే తేడా.

పూర్తిగా దించి ఎక్కించాలన్న మాట పాత నికెల్ కాడ్మియం రోజులది. లిథియానికి మధ్యమధ్యలో ఎక్కించినా ఏమీ కాదు. దాన్ని తినేది వేడి. మే నెల ఎండలో బండి డిక్కీలో బ్యాటరీ వదిలేస్తే అంతే. పనిలో బాగా వేడెక్కిన బ్యాటరీని వెంటనే పెడితే ఛార్జరు తీసుకోదు, అది రిపేరు కాదు, చల్లారాలి. నెలల తరబడి పక్కన పెట్టేటట్లయితే సగం ఛార్జితో నీడలో పెట్టండి.

అపోహ: స్క్రూ దిగకపోతే సబ్బు రాయాలి.

దిగకపోవడానికి కారణం, స్క్రూ కోసం ముందుగా సన్న కన్నం పెట్టకపోవడమే. టేకులో 4 ఎంఎం స్క్రూకి 3 ఎంఎం కన్నం పెడితే చెక్క పగలదు, స్క్రూ తల తెగదు. సబ్బు జారుడు ఇస్తుంది గానీ తడిని పట్టి ఉంచి స్క్రూకు తుప్పు తెస్తుంది. దానికన్నా మైనం నయం. కరెంటు కోతల రోజుల్లో కొన్న కొవ్వొత్తి ముక్క ఏ ఇంటి సొరుగులోనైనా ఒకటి ఉంటుంది. నేను అదే అడిగి తీసుకుంటాను.