నెట్‌బాల్‌లో వేగం మలుపు దగ్గరే తేలుతుంది

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ స్కూలు గ్రౌండ్లలో నెట్‌బాల్ (బంతిని చేతులతో అందించుకుంటూ ఎత్తయిన రింగులో వేసే ఆట) జట్టును ఎంచేటప్పుడు అమ్మాయిల చేత నాలుగు రౌండ్లు కొట్టించి, ముందొచ్చినవాళ్లను తీసుకుంటే పని తొందరగా తెమిలిపోతుంది. ఆటకు మాత్రం అది సరిపోదు. కోర్టు పొడవు 30.5 మీటర్లు, దాన్ని మూడు భాగాలు చేస్తారు. గోల్ వేసే గోల్ షూటర్, దాన్ని అడ్డుకునే గోల్ కీపర్ తమ భాగం దాటకూడదు కాబట్టి వాళ్లకు పొడవునా దొరికేది పది మీటర్ల చిల్లర. ఉరకడం, ఆగడం, తిరగడం అన్నీ అందులోనే. సెంటర్ స్థానంలో ఆడే అమ్మాయి అయితే రెండు గోల్ సర్కిళ్లు (గోల్ ముందుండే అర్ధవృత్తాలు) తప్ప కోర్టంతా తిరుగుతుంది. వీళ్లందరినీ ఒకే పరీక్షతో తూచలేం.

దమ్ము చూడటానికి 20 మీటర్ల బీప్ టెస్టు ఉంది, బీప్ శబ్దానికి తగ్గట్టు 20 మీటర్లు అటూ ఇటూ పరుగెత్తాలి. గంటకు 8.5 కిలోమీటర్ల వేగంతో మొదలై, నిమిషానికి అర కిలోమీటరు చొప్పున పెరుగుతుంది. దూరాన్ని నైలాన్ తాడుతో కొలవొద్దు, సాగుతుంది. స్టీలు టేపు వాడండి. ఎండ ముదరకముందే, ప్రతిసారీ అదే వేళకు పెట్టండి. బరంపురం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉక్కకు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పొద్దున తీసిన లెక్కను సాయంత్రం లెక్కతో పోల్చి లాభం లేదు.

అసలు కీలకం, మలుపు తిరిగే వేగాన్ని చూసే 5-0-5 పరీక్ష. దీనికి 15 మీటర్లు కావాలి. కోర్టు వెడల్పు 15.25, కాబట్టి అడ్డంగా వేసుకోవచ్చు. ఎదుటి సైడ్‌లైను అవతల కొంత ఖాళీ ఉండాలి. మొదటి సైడ్‌లైను నుంచి 10 మీటర్ల దగ్గర ఒక గీత, 15 దగ్గర ఇంకో గీత వేయండి. మట్టి గ్రౌండైతే ముగ్గుపిండి చాలు. సిమెంటు మీద అది జారుతుంది, అక్కడ టేపు అంటించండి. అమ్మాయి పూర్తి వేగంతో వెళ్లి, చివరి గీతను కాలితో తాకి వెనక్కి తిరగాలి. 10 మీటర్ల గీత దాటినప్పటి నుంచి మళ్లీ అదే గీత దాటేదాకా పట్టిన సమయమే లెక్క. ఒక్కో కాలితో మూడేసి సార్లు, మధ్యలో రెండు మూడు నిమిషాల విశ్రాంతి. మలుపు సులువవుతుందని గీత రాకముందే వేగం తగ్గిస్తే ఆ ప్రయత్నం కొట్టేయాలి.

వచ్చిన అంకెను ఉన్నదున్నట్టు నమ్మితే పొరబడతాం. ఉదాహరణకు ఒకమ్మాయి నేరుగా 10 మీటర్లు 2.05 సెకన్లలో పరుగెత్తి, 5-0-5 ను 2.75 లో ముగించిందనుకోండి. ఇంకొకమ్మాయివి 1.90, 2.70. చూడటానికి రెండో అమ్మాయే మెరుగు. 5-0-5 లోనూ లెక్కకొచ్చే దూరం 10 మీటర్లే కాబట్టి, ఆ సమయంలోంచి నేరుగా పరుగెత్తిన సమయం తీసేస్తే మొదటి అమ్మాయికి 0.70, రెండో అమ్మాయికి 0.80 మిగులుతుంది. మలుపులో వెనకబడింది రెండో అమ్మాయే, ఆ లోపాన్ని నేరుగా పరుగెత్తే వేగం కప్పేసింది. ఇంత సన్నని తేడా చేతి స్టాప్‌వాచ్‌కు అందదు, బొటనవేలి ఆలస్యమే అంతకు మించి ఉంటుంది. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోనును 10 మీటర్ల గీతకు సరిగ్గా పక్కన, నడుమెత్తులో స్టాండు మీద నిలిపి, ఫ్రేములు లెక్కపెట్టండి.

ఇంకో ఫోనును మలుపుకు ఎదురుగా పెట్టి మోకాళ్లు చూడండి. బంతి పట్టి దిగిన కాలిని ఎత్తాక, బంతి వదిలేదాకా మళ్లీ నేలకు ఆనించకూడదనేది ఆట నియమం. ఆ వేగమంతా ఒక్కసారిగా ఆపుకోవాల్సి రావడంతో భారం మోకాలి మీద పడుతుంది. తిరిగేటప్పుడు మోకాలు లోపలికి ఒరిగే అమ్మాయికి వేగం పెంచే కసరత్తులు ఇంకా వద్దు. ముందు రెండు కాళ్ల మీద మెత్తగా దిగడం, ఆపైన ఒంటికాలి మీద, అది కుదిరాకే బంతితో.