దేవుని అర్రలో మైనం బ్లాకు

పరకాల దిక్కు మా బంధువుల ఇంట్లో, దేవుని అర్రలో, పసుపు కుంకుమ భరిణెల పక్కన ఒక చిన్న ప్లాస్టిక్ కవరు ఉండేది. అందులో అగ్గిపెట్టెలో పట్టేంత మైనం బిళ్ల, దాని నడుమ గోరంత కండ. ఆరేళ్ల పిల్లగాడి చిన్నమెదడులోంచి హైదరాబాద్‌లో తీసిన గడ్డ ముక్క అది. ఆస్పత్రిలో దాన్ని 'బ్లాక్' అంటారు. ఎందుకు దాచాలో ఎవరూ చెప్పలేదు. పారేయబుద్ధి కాక నాయనమ్మ అక్కడ పెట్టింది. దీపం సెగకు మైనం కరుగుతుందని నేనే జరిపించిన.

రెండేళ్లకు గడ్డ మళ్లీ పెరిగింది. కొత్త డాక్టరు అడిగిన మొదటి మాట: "బ్లాక్ ఉందా?"

ఆ ముక్కలో జన్యువుల తీరు చూడాలని అడిగారు. ఆ ప్రశ్న వెనుక పెద్ద కథే ఉంది. మెదడు గడ్డలకు పేర్లు పెట్టే పద్ధతిని 1926లో బెయిలీ, కుషింగ్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు స్థిరపరిచారు. ఆధారమంతా మైక్రోస్కోపు కింద కణం కనిపించే తీరే. మా పిల్లగాడి రిపోర్టులో ఉన్న 'పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా' కూడా అలాంటి పేరే. వెంట్రుకల్లాంటి పోగులున్న కణాలు కాబట్టి పైలోసైటిక్.

రక్త క్యాన్సర్‌ను చదివే డాక్టర్లు ముందే ఇంకో దారి పట్టారు. ఒక రకం ల్యుకేమియాలో 1960లో కనిపించిన పొట్టి క్రోమోజోము రెండు క్రోమోజోముల ముక్కలు తారుమారైతే వచ్చిందని 1973లో జానెట్ రౌలీ తేల్చింది. అక్కడ రెండు జన్యువులు అతుక్కుపోయాయి, అదే జీన్ ఫ్యూజన్. ఆ అతుకు మీద పనిచేసే ఇమాటినిబ్ మాత్రకు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది.

పైలోసైటిక్ గడ్డల వంతు 2008లో వచ్చింది. ఏడో క్రోమోజోము మీద సుమారు 20 లక్షల డీఎన్‌ఏ అక్షరాల ముక్క రెండుసార్లు పడి, కేఐఏఏ1549 అనే జన్యువు బీరాఫ్ అనే ఇంకో జన్యువుకు అతుక్కుంటోందని బయటపడింది. కాజీపేట జంక్షన్ చూసినవాళ్లకు ఇట్లా చెప్పొచ్చు: ఒక బండి ఇంజను ఇంకో బండి బోగీలకు తగిలింది, బ్రేకు మాత్రం పాత బండి దగ్గరే ఉండిపోయింది. బీరాఫ్‌లో కణాన్ని 'పెరుగు' అని తరిమే భాగం మిగులుతుంది, ఆపే భాగం పోతుంది. పెద్దల క్యాన్సర్లలో జన్యు మార్పులు కుప్పలుగా ఉంటాయి. ఈ పిల్లల గడ్డల్లో చాలాసార్లు దొరికేది ఈ ఒక్క అతుకే.

ఆ తర్వాత వరస కట్టాయి. పెద్దమెదడులో వచ్చే ఎపెండిమోమా అనే గడ్డల్లో రెలా అనే జన్యువు ఫ్యూజన్ 2014లో దొరికింది. 'పీనెట్' అని 1973 నుంచి ఒకే సంచిలో వేసిన గడ్డల్లో అసలు వేర్వేరు జబ్బులున్నాయని 2016లో తేలింది. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పేరు తీసేసింది. పసిపిల్లల్లో గ్లయోమా అనే మెదడు గడ్డల్లో కనిపించే ఎన్‌ట్రాక్ జన్యువుల ఫ్యూజన్లకు పనికొచ్చే లారోట్రెక్టినిబ్ మందుకు 2018లో అమెరికా అనుమతిచ్చింది.

నన్ను అడిగితే, ఇందులో తల్లిదండ్రులు పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. రిపోర్టులో 'బీరాఫ్ పాజిటివ్' అని ఉంటే సరిపోదు. బీరాఫ్‌లోనే వీ600ఈ అనే ఒక్క అక్షరం తప్పు వేరు, ఫ్యూజన్ వేరు. మొదటి తప్పుకు వాడే పాత తరం మాత్రలు ఫ్యూజన్ ఉన్న గడ్డను తగ్గించడానికి బదులు ఎగదోసే ప్రమాదముంది. అమెరికాలో 2024 ఏప్రిల్‌లో అనుమతి పొందిన టోవోరాఫెనిబ్ అనే మందు మాత్రం రెండింటికీ పనికొస్తుంది, తిరగబెట్టిన గడ్డలకు.

మా బ్లాక్ నుంచి కాగితం కన్నా పల్చటి పొరలు కోసి, జన్యువుల అతుకు ఉందో లేదో చూసే ఫిష్ పరీక్ష చేశారు. ఫ్యూజనే అని వచ్చింది. డాక్టరు కార్బోప్లాటిన్, విన్‌క్రిస్టిన్ మొదలుపెట్టారు, రెండూ పాత కీమో మందులే. మిగిలిన ముక్కను కవరులో పెట్టి తిరిగి ఇచ్చారు. నాయనమ్మ ఈసారి దాన్ని బీరువాలో, పొలం పాస్‌బుక్ కింద పెట్టింది.