వస్తువు బల్ల మీదా, పిల్లల చేతిలోనా?

ప్రాథమిక తరగతుల్లో కృత్యాలు అనగానే ఈమధ్య వచ్చిన పద్ధతి అనుకుంటాం. దాని వయసు రెండు వందల ఏళ్లకు పైనే. అన్నాళ్లుగా తేలని పేచీ కూడా ఒక్కటే: వస్తువు తరగతిలోకి వచ్చింది సరే, అది ఎవరి చేతిలో ఉంది?

మాట కంటే ముందు వస్తువును చూడాలి, తాకాలి అని 1800 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లో పెస్టలోజీ అనే విద్యావేత్త పట్టుబట్టాడు. ఆ ఆలోచన ఇంగ్లండ్ చేరి ‘వస్తు పాఠం’ అయింది. దెబ్బతిన్నదీ అక్కడే. టీచరు గాజుముక్క చూపించడం, ‘నున్ననిది, గట్టిది, పెళుసు, పారదర్శకం’ అని పిల్లలు వల్లె వేయడం. గాజుముక్క లేకపోయినా పాఠం ఆగదు! బట్టీని వదిలించడానికి వచ్చిందే బట్టీ అయి కూర్చుంది.

జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త వస్తువును పిల్లలకే ఇచ్చేశాడు. 1837లో బాట్ బ్లాంకెన్‌బుర్గ్‌లో మొదలుపెట్టిన సంస్థకు 1840లో కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఆయన పిల్లల కోసం చేసిన ఆటవస్తువులకు ‘కానుకలు’ అని పేరు; వాటిలో మూడోది ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే చెక్క ఘనం. సగం, పావు అనే మాటలు నోటికి రాకముందే వేళ్లకు తెలిసిపోతాయి. జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా ప్రభుత్వం 1851లో కిండర్‌గార్టెన్లను నిషేధించింది. చెక్కముక్కలకు సర్కారు జడిసిందంటే నవ్వొస్తుంది గానీ, నిషేధం 1860 దాకా నడిచింది.

1907లో రోమ్‌లోని సాన్ లొరెంజో పేటలో మరియా మాంటిస్సోరి బడి తెరిచింది. ఆమె పరికరాల్లో ఒకటి చూడండి: చెక్కదిమ్మెలో పది గుంటలు, వాటికి సరిపడే పది స్థూపాలు. లావుది సన్నటి గుంటలో దూరదు. సన్నదాన్ని పెద్ద గుంటలో వేసేస్తే చివర్లో ఒకటి చేతిలో మిగిలిపోతుంది. ఎవరూ ఏమీ అనరు. పిల్ల కాసేపు చూసి, అన్నీ తీసి మళ్లీ మొదలుపెడుతుంది. నన్నడిగితే ఈ కథలో అసలు మలుపు ఇదే. తప్పు చెప్పే పని టీచరు నుంచి చెక్కముక్కకు మారింది.

తర్వాత బెల్జియంలో జార్జ్ క్విజనేర్ అనే బడిపంతులు రంగు కడ్డీలు తయారుచేశాడు. ఒక సెంటీమీటరు తెల్లది మొదలు పది సెంటీమీటర్ల నారింజ రంగుది దాకా. రెండు పసుపు కడ్డీలు కొసకు కొస ఆనించి పెడితే నారింజ కడ్డీ అంత పొడవు. 1953లో వాటిని చూసిన గణిత విద్యావేత్త కేలెబ్ గటెన్యో దేశదేశాలకు మోసుకెళ్లాడు.

కడ్డీల డబ్బాలైతే బడికి చేరాయి. కానీ కడ్డీలు పంచి, మళ్లీ లెక్కపెట్టి సర్దేసరికి పీరియడ్ అయిపోతుంది. పోయిన కడ్డీకి జవాబు టీచరే చెప్పుకోవాలి. పరీక్షేమో కాగితం మీద. అలా చాలాచోట్ల డబ్బాలు బీరువా ఎక్కాయి. ఎప్పుడైనా ఒక్క సెట్టు కిందికి దిగుతుంది. టీచరు బల్ల మీద పేర్చి చూపిస్తుంది. పిల్లలు చేతులు కట్టుకుని చూస్తారు.