తలా ఒక ఊళ్ళో ఉండి రాక్ ఆల్బమ్: అపోహలు, వాస్తవాలు

డ్రమ్మర్ ఇల్లు విజయవాడ పటమటలో. గిటారిస్టు గుంటూరు బ్రాడీపేటలో. బేస్ వాయించేవాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిపోయాడు, పాడే అమ్మాయి చదువుకని డాలస్‌లో ఉంది. మన వైపు చాలా బ్యాండ్లు ఇప్పుడు ఇలాగే ఉన్నాయి. ఇలాంటి బ్యాండు ఎనిమిది పాటల ఆల్బమ్ చేయొచ్చు, స్టూడియోలో కలిసి కూర్చుని చేసినదానికి తీసిపోకుండా చేయొచ్చు. అయినా చాలామంది రెండో పాటో మూడో పాటో అయ్యేసరికి ఆగిపోతారు. కారణం వెతికితే, మొదటి నోటు వాయించకముందే తేల్చుకోవాల్సిన సంగతి ఏదో ఒకటి తేలకుండా మిగిలిపోయి ఉంటుంది. దిగువన ఉన్న అపోహల్లో సగానికి పైగా అక్కడ పుట్టినవే.

అపోహ: ఫైబర్ నెట్ ఉంటే అందరూ ఆన్‌లైన్‌లో ఒకేసారి వాయిస్తూ రికార్డ్ చేసుకోవచ్చు.

నెట్ వేగం వేరు, ఆలస్యం వేరు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రతి 1000 కిలోమీటర్లకు 5 మిల్లీసెకన్లు. డాలస్ మనకు సుమారు 14 వేల కిలోమీటర్లు. తీగ తిన్నగా లాగినా ఒకవైపుకే 70 మిల్లీసెకన్లు పడుతుంది. నిజానికి కేబుళ్ళు సముద్రాల అడుగున చుట్టు తిరిగి వస్తాయి కాబట్టి ఇంకా ఎక్కువే. 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు) పాటలో పదహారో వంతు నోటు నిడివి 125 మిల్లీసెకన్లు. మీరు కొట్టింది అవతలికి చేరి, దాన్ని విని వాళ్ళు వాయించింది మీ చెవికి వచ్చేసరికి ఆ నోటు దాటిపోతుంది. వాళ్ళ కోసం మీరు కాస్త ఆగుతారు, మీ కోసం వాళ్ళూ ఆగుతారు, పాట నెమ్మదించి నెమ్మదించి కూలబడుతుంది.

విజయవాడ, గుంటూరు మధ్య అయితే ప్రాక్టీసు వరకు కుదరొచ్చు. ఒకవైపు ఆలస్యం మొత్తం 25 మిల్లీసెకన్ల లోపు ఉండాలి. ఒకే హాల్లో ఎనిమిదిన్నర మీటర్ల ఎడంగా నిలబడి వాయించినంత అన్నమాట. వైఫై వద్దు, ల్యాన్ కేబుల్ పెట్టండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ అసలే వద్దు, అదొక్కటే 100 మిల్లీసెకన్లకు పైగా తినేస్తుంది. నెట్‌లో కలిసి వాయించుకోవడానికి ఉన్న జామ్యులస్, సోనోబస్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే. వాటిలో పాట కట్టుకోండి, అరేంజ్‌మెంట్ తేల్చుకోండి. రికార్డింగ్ మాత్రం ఎవరింట్లో వాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు.

అపోహ: అందరి దగ్గరా ఒకే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉండాలి.

అక్కర్లేదు. ఒకరు రీపర్, ఒకరు లాజిక్, ఒకరు ఎఫ్‌ఎల్ స్టూడియో వాడుకోవచ్చు. చేతులు మారేది ప్రాజెక్టు ఫైలు కాదు, వేవ్ ఫైళ్ళు. కానీ ఆ వేవ్ ఫైళ్ళ విషయంలో నాలుగు సంగతులు ముందే కాగితం మీద పెట్టకపోతే తల ప్రాణం తోకకొస్తుంది.

ఒకటి, శాంపిల్ రేటు, అంటే శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలిచి రాసుకుంటారన్నది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అనుకుంటే అందరూ అదే. ఒకరు 44.1లో చేసి పంపారనుకోండి. అవతలి సాఫ్ట్‌వేర్ దాన్ని మార్చుకోకుండా 48 అనుకుని వాయిస్తే 240 సెకన్ల పాట 220 సెకన్లకే అయిపోతుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ పైకి పోతుంది. "ఈయన గిటార్ ట్యూన్ చేసుకోడా" అన్న గొడవల వెనక ఇదే ఉన్న సందర్భాలు తక్కువేం కాదు.

రెండు, మొదలు. ప్రతి ఫైలూ సున్నా నుంచే మొదలవ్వాలి. సోలో మూడో నిమిషంలో వచ్చినా సరే, ముందున్న నిశ్శబ్దంతో సహా ఎగుమతి చేయాలి. పాటకు ముందు రెండు బార్ల కౌంట్ ఉంచండి. ఫైళ్ళన్నీ సున్నా దగ్గర పెడితే వాటంతటవే కుదురుకోవాలి. ఎవరూ మౌసుతో అటూ ఇటూ జరిపే పని రాకూడదు.

మూడు, గైడ్ ట్రాకు (మిగతావాళ్ళు విని వాయించడానికి పంపే నమూనా) ఎంపీ3లో పంపొద్దు. ఎంపీ3 చేసేటప్పుడు ముందు కొంత ఖాళీ చేరుతుంది. మామూలుగా 1105 శాంపిళ్ళు, అంటే 44.1 దగ్గర 25 మిల్లీసెకన్లు. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని కత్తిరిస్తాయి, కొన్ని కత్తిరించవు. బేస్ ఎప్పుడూ డ్రమ్స్‌కి ఒక వెంట్రుకవాసి వెనకే ఉంటోందంటే ముందు ఇది చూడండి. వాట్సాప్‌లో పంపినా ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి.

నాలుగు, ఎవరి ఇంటర్‌ఫేస్ (మైకును, గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) ఆలస్యం వాళ్ళు ఒకసారి కొలుచుకోవాలి. ఇంటర్‌ఫేస్ ఔట్‌పుట్ నుంచి దాని ఇన్‌పుట్‌కే ఒక కేబుల్ పెట్టండి. క్లిక్ ట్రాకు (తాళం కోసం టిక్కు టిక్కుమనే ట్రాకు) వాయిస్తూ దాన్నే రికార్డ్ చేయండి. రెండు తరంగాలనూ బాగా పెద్దవి చేసి చూస్తే తేడా కనబడుతుంది. 200 శాంపిళ్ళు ఉంటే 48 దగ్గర 4 మిల్లీసెకన్లు. ఆ అంకెను రికార్డింగ్ ఆఫ్‌సెట్ సెట్టింగులో వేసి మళ్ళీ కొలవండి, సున్నాకి రావాలి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను సరిచేస్తుంది, నిజమే. కాకపోతే ఇంటర్‌ఫేస్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ చెప్పిన లెక్కను నమ్మి చేస్తుంది, ఆ డ్రైవర్ ఒక్కోసారి తప్పు చెబుతుంది.

ల్యాప్‌టాప్‌లో పాట పెట్టుకుని విడిగా ఫోన్‌లో రికార్డ్ చేసేవాళ్ళకు ఇంకో తిప్పలు. రెండు పరికరాల గడియారాలు ఒకటి కావు. పది లక్షలకు 50 వంతుల తేడా ఉన్నా 4 నిమిషాల పాట చివరికి 12 మిల్లీసెకన్లు జారిపోతుంది. మొదట్లో కుదిరి, పోను పోను వదులైపోయే ట్రాకులు ఇలాంటివే.

అపోహ: క్లిక్ పెడితే రాక్‌లో ప్రాణం పోతుంది.

ప్రాణం తీసేది ఒకే వేగానికి కట్టేసిన క్లిక్. పాటలో ఎక్కడ ఎంత వేగమో రాసుకునే టెంపో మ్యాప్ చేసుకోండి. చరణం 118, కోరస్ 120, బ్రిడ్జ్ 116, ఆఖరి కోరస్ 122. ఎక్కడ ఎంత అన్నది డ్రమ్మర్, గిటారిస్టు ఒక గదిలో కలిసి క్లిక్ లేకుండా వాయించినప్పుడు సహజంగా ఎటు పోతున్నారో చూసి పెట్టాలి. పటమట నుంచి బ్రాడీపేటకి గంట ప్రయాణం, ఈ ఒక్క పనికి మాత్రం బద్ధకించొద్దు. ఆ మ్యాప్‌ను మిడి ఫైలుగా అందరికీ పంపితే చాలా సాఫ్ట్‌వేర్లలో తెరుచుకుంటుంది.

వరస: గైడ్ గిటార్, గైడ్ గొంతు, తర్వాత అసలు డ్రమ్స్, బేస్, రిథమ్ గిటార్లు, లీడ్, గొంతు. డ్రమ్స్ రాకముందే గిటార్లు పూర్తిచేసి కూర్చునే తొందర మావాళ్ళలో ఎక్కువ. ప్రోగ్రామ్ చేసిన డ్రమ్స్‌కి వాయించిన గిటార్, మనిషి కొట్టిన డ్రమ్స్ మీద కూర్చోదు. మళ్ళీ వాయించక తప్పదు.

అపోహ: డ్రమ్స్‌కి పది మైకులు, పెద్ద స్టూడియో లేకపోతే కుదరదు.

నాలుగు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, నాలుగు మైకులు చాలు. గ్లిన్ జాన్స్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు పేరు మీద ఉన్న పద్ధతి రాక్‌కి సరిగ్గా సరిపోతుంది. ఒక మైకు స్నేర్‌కి (డ్రమ్మర్ ముందుండే చిన్న డ్రమ్ము) సూటిగా పైన, సుమారు ఒక మీటరు ఎత్తులో. రెండోది ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టే డ్రమ్ము) పక్కన, దాని అంచు కంటే కాస్త పైన, స్నేర్ వైపు చూస్తూ. మూడోది కిక్‌కి (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), నాలుగోది స్నేర్‌కి. ఇందులో ప్రాణమంతా ఒక దారం ముక్కలో ఉంది: స్నేర్ మధ్యలో దారం పట్టుకుని మొదటి మైకుకు కొలవండి, అదే దారం రెండో మైకుకు సరిగ్గా అందాలి. 34 సెంటీమీటర్ల తేడా ఉంటే 1 మిల్లీసెకను. రెండూ కలిపినప్పుడు 500 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఒకదాన్నొకటి కొట్టేసుకుని స్నేర్ రేకు డబ్బాలా వినబడుతుంది. మిక్స్‌లో ఎంత తిప్పినా అది బాగుపడదు.

గంటల లెక్కన అద్దెకిచ్చే జామ్ రూమ్ తీసుకుంటే సగం పూట మైకులకీ ట్యూనింగ్‌కీ పోతుందని ముందే లెక్కేసుకోండి. పాటకు మూడు పూర్తి టేకులు. లేచేముందు ప్రతి డ్రమ్మునూ, ప్రతి సింబల్‌నూ విడిగా పదేసి దెబ్బలు రికార్డ్ చేసుకోండి. తర్వాత ఒక దెబ్బ పాడైందని తేలితే దాన్ని అతికించడానికి అవే దిక్కు. ఇక పంపడం గురించి: 48/24లో ఒక మోనో ట్రాకు నిమిషానికి 8.64 ఎంబీ. 4 నిమిషాల పాట, నాలుగు ట్రాకులు, మూడు టేకులు కలిపి 415 ఎంబీ దాకా వస్తుంది. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే మూడు నిమిషాల పని.

అపోహ: గిటార్ టోన్ ముందే అదరగొట్టేలా పెట్టి రికార్డ్ చేయాలి, బలం చాలకపోతే కాపీ చేసి పక్కన పెడితే సరి.

మీకు నచ్చిన టోన్‌తోనే వాయించండి, అది చేతికి ఊపునిస్తుంది. దాంతోపాటే గిటార్ నుంచి నేరుగా వచ్చే డీఐ ట్రాకు కూడా పొడిగా, అంటే ఏ ఎఫెక్టూ లేకుండా, రికార్డ్ అవ్వాలి. ఇంటర్‌ఫేస్‌లో హై-జీ లేదా ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కి, పీకులు మైనస్ 12 డీబీ దగ్గర ఉంచండి. బేస్ వచ్చాక మీ టోన్ దానికి అడ్డం పడితే డీఐని వేరే ఆంప్ గుండా మళ్ళీ నడిపించుకోవచ్చు. డీఐ లేకపోతే మళ్ళీ వాయించడమే.

కాపీ సంగతి. ఒకే టేకును ఎడమకొకటి కుడికొకటి పెడితే వెడల్పు రాదు, మధ్యలోనే శబ్దం పెరుగుతుంది. వెడల్పు వచ్చేది రెండు టేకుల మధ్య ఉండే చిన్న చిన్న తేడాల వల్ల. కాబట్టి రెండుసార్లు వాయించాల్సిందే. రెండోసారి గెయిన్ మూడో వంతు తగ్గించి చూడండి. ఒంటిగా వింటే పలచగా అనిపించినా, రెండూ కలిశాక బరువుగా ఉంటుంది.

మన ఇళ్ళలో గిటార్‌కి అసలు శత్రువు కరెంటు. 50 హెర్ట్జ్ హమ్, దాని రెట్టింపులు డిస్టార్షన్‌లో పది రెట్లై కూర్చుంటాయి. ఇలా వెతకండి: ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి వినండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. తర్వాత ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్, డిమ్మర్ లైట్లు ఆపండి. సింగిల్ కాయిల్ పికప్ అయితే కుర్చీని మెల్లగా తిప్పుకుంటూ గుండ్రంగా తిరగండి, ఏదో ఒక దిక్కున హమ్ బాగా తగ్గుతుంది. అక్కడే కూర్చుని వాయించండి. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తుంటే మాత్రం గిటార్ పక్కన పెట్టేయండి, ఆ గరగర దేనికీ లొంగదు. హమ్ పోతుందని ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్ళున్నారు. స్ట్రింగుల మీద చేయి పెట్టి కూర్చునేది మీరే, షాక్ కొడితే మీకే.

ఇంకొకటి, మే నెల సంగతి. శబ్దం రాకూడదని ఏసీ ఆపుతాం. గది వేడెక్కే కొద్దీ స్ట్రింగులు సాగి శ్రుతి దిగుతుంది. మొదటి టేకుకీ నాలుగో టేకుకీ తేడా చెవికి తెలిసిపోతుంది. ప్రతి టేకు ముందూ ట్యూనర్ చూడండి.

అపోహ: గోడలకి కోడిగుడ్ల అట్టలు అతికిస్తే సౌండ్‌ప్రూఫ్.

శబ్దాన్ని ఆపేది బరువు. గుడ్ల అట్టకు బరువే లేదు. పై ఫ్రీక్వెన్సీలు కొంచెం పీలుస్తుంది, కింద ఆటో హారను మాత్రం హాయిగా లోపలికొస్తుంది. పైగా నిప్పంటుకుంటే అంతే సంగతులు. గొంతు రికార్డింగ్‌కి ఇంట్లో ఉన్న పాత చీరల బొంతలు నయం. కార్డియాయిడ్ మైకు తన ముందువైపు విన్నదే ఎక్కువ పట్టుకుంటుంది కాబట్టి బొంత కట్టాల్సింది మైకు వెనక కాదు, పాడేవాళ్ళ వెనక. రెండు మడతలు, గోడకు జానెడు ఎడంగా. మైకుకూ నోటికీ 15 నుంచి 20 సెంటీమీటర్లు. బయటి శబ్దానికి మందు వేళ చూసుకోవడమే. ధనుర్మాసంలో తెల్లవారుజామున, వినాయక చవితి రోజుల్లో ఏ వేళైనా, బయటి మైకుల్లోనే కాదు మన మైకులోనూ పాటలే.

అపోహ: శ్రుతి తప్పినా దాన్ని సరిదిద్దే ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్ ఉంది.

మనవైపు పాడేవాళ్ళలో చాలామందికి కర్ణాటక సంగీతం పునాది. గమకం మీద ఆటోట్యూన్ గట్టిగా పెడితే అది మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. నిలిపిన స్వరాలను మాత్రమే చేత్తో దిద్దండి. అసలు చిక్కు ఇంకా ముందే ఉంటుంది. పాడే ఆవిడ ఐదున్నర శ్రుతి అంటే జీ షార్ప్ అని గిటారిస్టుకు తెలియాలి. తెలియక అలవాటుగా ఈ (E) శ్రుతిలో రిఫ్ (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క) కట్టేసి, గిటార్లన్నీ అయ్యాక గొంతు అందట్లేదని తేలితే పాట మొదటికొస్తుంది. గైడ్ గొంతు ఆవిడతోనే పాడించండి, ఫోన్‌లో అయినా ఫరవాలేదు.

అపోహ: మిక్స్ అందరికీ నచ్చేదాకా మారుస్తూ ఉండాలి.

మిక్స్ ఒకరి చేతిలో ఉండాలి, ఆఖరి మాట ఎవరిదో కూడా ముందే తేలాలి. రెండు విడతల సవరణలు, అంతే. "కొంచెం పంచ్ కావాలి" అన్నది సవరణ కాదు. "1:42 దగ్గర బేస్ 1 డీబీ తగ్గించు" అన్నది సవరణ. వీడియో కాల్‌లో మిక్స్ వినిపించి అభిప్రాయం అడగొద్దు. ఆ యాప్‌లు గిటార్‌ను రొద అనుకుని కోసేస్తాయి. వేవ్ ఫైలు ఎవరి ఇంట్లో వాళ్ళు వినాలి, కాల్‌లో మాట్లాడుకోవాలి. మాస్టర్‌ను పగిలేంత గట్టిగా చేసినా లాభం లేదు. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 లఫ్స్ (శబ్దం ఎంత గట్టిగా వినబడుతుందన్న కొలత) దగ్గరికి దింపేస్తుంది, మీరు నొక్కేసిన డ్రమ్స్ మాత్రం నొక్కినట్టే ఉంటాయి.

అపోహ: స్నేహితులం కదా, కాగితాలెందుకు?

1957 కాపీరైట్ చట్టంలో సాహిత్యం ఒక హక్కు, సంగీతం ఒక హక్కు, రికార్డింగ్ మరో హక్కు. రికార్డింగ్ హక్కు దాన్ని తయారుచేయించే చొరవ, బాధ్యత తీసుకున్నవాళ్ళది. నలుగురూ నాలుగు ఇళ్ళలో ఎవరి ఖర్చుతో వాళ్ళు రికార్డ్ చేస్తే ఆ చొరవ ఎవరిదో తర్వాత తేల్చడం కష్టం. హక్కు బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. అందులో కాలం రాయకపోతే ఐదేళ్ళే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. డాలస్‌లో ఒకరున్న బ్యాండుకి ఆ రెండో సంగతి చిన్నదేం కాదు. ఒక్కో పాటకు ఒక్క పేజీ చాలు: సాహిత్యం ఎవరిది ఎంత శాతం, ట్యూన్ ఎవరిది ఎంత, రికార్డింగ్‌లో ఎవరి వాటా ఎంత, బ్యాండు వదిలిపోతే ఏంటి. డ్రమ్స్ రికార్డింగ్ రోజుకే సంతకాలు అయిపోవాలి. విడుదలప్పుడు ప్రతి పాటకూ వచ్చే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (ఆ రికార్డింగ్ గుర్తింపు) కూడా ఆ పేజీలోనే రాసిపెట్టుకోండి. రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మారిస్తే అదే రికార్డింగ్‌కి అదే కోడ్ ఇవ్వాలి, కొత్తది తీసుకుంటే ప్లేల లెక్క విడిపోవచ్చు.